హాజరు పట్టీలో కనిపించని జబ్బు

*కాలేజీ మానేసిన పిల్లల గురించి ఊరంతా మాట్లాడుతుంది. మానేయడానికి ముందు నెలల్లో వాళ్లకేమైందో అడిగేవాళ్లు తక్కువ. డెల్టా పల్లెల నుంచి రైలెక్కి చదువులకు వెళ్తున్న పిల్లల గురించి ఈ వారం ముఖచిత్ర కథనం.*

నిడదవోలు జంక్షన్‌లో పొద్దున్నే ఏ ప్లాట్‌ఫారం చూసినా భుజాలకు బ్యాగులు తగిలించుకున్న పిల్లలే కనిపిస్తారు. హౌరా-చెన్నై ప్రధాన మార్గం నుంచి భీమవరం లైను విడిపోయేది ఇక్కడే. అందుకే ఉండ్రాజవరం, పెరవలి, చాగల్లు మండలాల్లో చాలా పల్లెల పిల్లలకు పైచదువుల దారి ఈ స్టేషన్ మీదుగానే పోతుంది. కొవ్వూరు దాటి, గోదావరి వంతెనెక్కి రాజమహేంద్రవరం వెళ్లేవాళ్లు కొందరు. 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం అటువైపే ఉంది. తాడేపల్లిగూడెం వెళ్లేవాళ్లు ఇంకొందరు. అక్కడ నన్నయ వర్సిటీ ప్రాంగణం ఉంది, 2015లో మొదలైన నిట్ ఉంది. తణుకు, అత్తిలి మీదుగా భీమవరం ఇంజినీరింగ్ కాలేజీలకు పోయేవాళ్లు మరికొందరు. ఊళ్లోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలకు ఆటోల్లో, బస్సుల్లో వచ్చేవాళ్లు సరేసరి. చాలా ఇళ్లలో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి ఈ పిల్లే, ఈ కుర్రాడే. తండ్రి కౌలు రైతో, రైసుమిల్లులో జట్టు కూలీయో అయి ఉంటాడు. తల్లి డ్వాక్రా గ్రూపులో అప్పు తెచ్చి బస్సు పాసు కట్టి ఉంటుంది.

వీళ్లలో కొందరు సెమిస్టరు మధ్యలో రావడం మానేస్తారు. ముందు వారానికి ఒక రోజు, తర్వాత రెండు రోజులు, ఆ తర్వాత అసలే రారు. ఊరికి కారణం వెంటనే దొరుకుతుంది. ‘చదువు ఒంటబట్టలేదు’, ‘ఫోను పట్టుకుని పాడైపోయాడు’, ‘సావాసాలు మంచివి కావు’, ‘ఫీజు కట్టలేకపోయారు’. ఆడపిల్లయితే ‘సంబంధం కుదిరిందట’. వీటిలో ఏ ఒక్కటీ పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. కానీ ఇవన్నీ చివరి రోజు గురించి చెప్పే మాటలు. ఆ చివరి రోజుకు ముందు గడిచిన నాలుగు నెలలో, ఏడాదో ఆ పిల్లలకు ఎలా గడిచిందో ఈ మాటల్లో ఉండదు. ఈ కథనం ఆ నెలల గురించి.

ముందు నిద్ర పోతుంది

ఏ ఇద్దరి అనుభవమూ ఒక్కలా ఉండదు. అయినా డిప్రెషన్ చదువును దెబ్బతీసే క్రమం చాలామందిలో ఇంచుమించు ఒకటే. మొదట నిద్ర చెదురుతుంది. రాత్రి రెండు దాటితే గాని కన్ను మూతపడదు, పొద్దున ఎక్కాల్సిన పాసింజరు తప్పిపోతుంది. లేదంటే నాలుగింటికే మెలకువ వచ్చి మళ్లీ పట్టదు. తర్వాత ఏకాగ్రత పోతుంది. ఒకే పేరా పదిసార్లు చదివినా బుర్రకెక్కదు. అప్పుడు ఆ పిల్లకు ‘నాకు ఒంట్లో బాగోలేదు’ అని తోచదు, ‘నేను మొద్దుని, ఇక్కడికి రాకుండా ఉండాల్సింది’ అని తోస్తుంది. ఇంటర్నల్స్‌లో మార్కులు పడిపోతాయి. ల్యాబ్ రికార్డు రాయలేదు కాబట్టి ఆ మాస్టారికి ఎదురుపడాలంటే భయం. ఆ భయంతో ఒక రోజు ఎగ్గొడితే మర్నాడు భయం రెట్టింపవుతుంది. స్నేహితురాళ్లు ఫోను చేస్తే ఎత్తదు. ఇంట్లో మాత్రం రోజూ కాలేజీకే బయల్దేరుతుంది. ఆ పగలంతా ఎక్కడో ఒకచోట గడిపి సాయంత్రం రైలుకు తిరిగొస్తుంది.

బయటివాళ్లకు ఇదంతా బద్ధకంలా, లెక్కలేనితనంలా కనిపిస్తుంది. 2009లో డేనియల్ ఐసెన్‌బర్గ్ బృందం అమెరికాలోని ఒక పెద్ద విశ్వవిద్యాలయ విద్యార్థులను కొంతకాలం పాటు గమనించి ప్రచురించిన పరిశోధన ఇక్కడ పనికొస్తుంది. డిప్రెషన్ ఉన్న విద్యార్థుల మార్కులు తగ్గాయి, మధ్యలో మానేసే అవకాశం పెరిగింది. డిప్రెషన్ లక్షణాల్లో మార్కులను ఎక్కువగా తగ్గించింది దుఃఖం కాదు, దేని మీదా ఆసక్తి లేకపోవడం. దీన్ని తల్లిదండ్రులు, అధ్యాపకులు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ఏడుస్తున్న పిల్లను మనం దగ్గరికి తీసుకుంటాం. దేని మీదా మనసు పెట్టని పిల్లాణ్ని మాత్రం తిడతాం.

డిప్రెషన్ ఒక్కటే కాదు. ఆందోళన జబ్బు మరోలా పట్టుకుంటుంది. సెమినార్‌లో లేచి నిలబడగానే గుండె దడదడలాడుతుంది, చేతులు చెమటలు పడతాయి, ఊపిరాడదు. ఇంట్లోవాళ్లు గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఈసీజీ బాగానే వస్తుంది. ‘ఏమీ లేదు, ఊరికే భయపడుతున్నాడు’ అని ఇంటికి పంపేస్తారు. ఏమీ లేకపోతే ఇంకెక్కడికీ వెళ్లనక్కర్లేదు కాబట్టి, ఆ కుర్రాడు సెమినార్లు ఉన్న రోజున కాలేజీకే వెళ్లడు. ఇక స్కిజోఫ్రేనియా వంటి తీవ్రమైన జబ్బుల తొలి లక్షణాలు చాలామందిలో సరిగ్గా ఈ ఈడులోనే, పద్దెనిమిది నుంచి పాతికేళ్ల లోపే కనిపిస్తాయి. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని అనుమానం, గదిలోంచి బయటికి రాకపోవడం, తనలో తాను మాట్లాడుకోవడం. వీటికి వైద్యం ఎంత తొందరగా మొదలైతే చదువు దక్కే అవకాశం అంత ఎక్కువ. మన దగ్గర ఆ తొలి నెలలు తాయెత్తులకీ, సెల్‌ఫోన్ లాక్కోవడానికీ ఖర్చయిపోతున్నాయి.

కాలేజీలో చేరేనాటికే

చదువు మధ్యలో ఆగిపోవడానికీ మానసిక జబ్బులకీ ఉన్న సంబంధాన్ని మొదటిసారి పెద్ద ఎత్తున లెక్కగట్టినవారిలో అమెరికా శాస్త్రవేత్త రొనాల్డ్ కెస్లర్ ఒకరు. 1995లో వెలువడిన ఆయన బృందం పత్రం, చిన్న వయసులో మొదలైన మానసిక జబ్బులు హైస్కూలు, కాలేజీ చదువులు రెండింటినీ ఆపేస్తున్నాయని చూపించింది. ఇరవై ఏళ్ల తర్వాత అదే శాస్త్రవేత్త భాగస్వామిగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్వేల ఆధారంగా, 21 దేశాల యువతీయువకుల మీద మరో అధ్యయనం 2016లో వచ్చింది. కాలేజీ విద్యార్థుల్లో అయిదో వంతు మందికి, కచ్చితంగా చెప్పాలంటే 20.3 శాతానికి, ఆ ఏడాదిలో ఏదో ఒక మానసిక జబ్బు ఉంది. వాళ్లలో ఏదైనా వైద్యం అందినవారు 16.4 శాతమే.

ఆ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆపేసిన అంకె మరొకటి ఉంది. జబ్బున్న ఆ విద్యార్థుల్లో 83 శాతం మందికి అది కాలేజీలో చేరకముందే మొదలైంది. తర్వాత చదువు మానేయడానికి కూడా, కాలేజీలోకి వచ్చాక మొదలైన జబ్బుల కంటే ముందే మొదలైనవే ఎక్కువ కారణమయ్యాయి. వాటిలోనూ మత్తు పదార్థాల అలవాటు, అమ్మాయిల్లో డిప్రెషన్ ముందున్నాయి.

అంటే డిగ్రీ రెండో ఏడాదిలో రైలెక్కడం మానేసిన కుర్రాడి సమస్య ఆ రెండో ఏడాదిలో మొదలై ఉండకపోవచ్చు. మన ప్రాంతంలో ఆ ముందు కాలం ఎక్కడ గడుస్తుందో అందరికీ తెలుసు. పదో తరగతి ఫలితాలు రాగానే పెట్టె సర్దుకుని విజయవాడ చుట్టుపక్కలకో, విశాఖకో, రాజమండ్రికో ఇంటర్ హాస్టల్‌కు వెళ్తారు. తెల్లవారుజామునే స్టడీ అవర్, రాత్రి పది దాటాక మరో స్టడీ అవర్, వారం వారం పరీక్ష, మార్కులను బట్టి సెక్షన్ మార్పు. పదిహేనేళ్ల పిల్లాడు నెలకొక్కసారి పావుగంట ఫోనులో ‘బాగానే ఉన్నానమ్మా’ అంటాడు. ఆ బెంగ రెండేళ్లు లోపల పేరుకుంటుంది. తర్వాత ఎంసెట్‌లో, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నాం, అనుకున్న ర్యాంకు రాకపోతే ఇంటికి దగ్గరగా ఏదో ఒక డిగ్రీలో, ఏదో ఒక బ్రాంచిలో చేరతాడు. అప్పటికి అలసిపోయి ఉంటాడు. తాను ఓడిపోయాననీ, నాన్న డబ్బు వృథా చేశాననీ నమ్ముతూ ఉంటాడు. కొత్త కాలేజీ అతనికి కొత్త మొదలుగా కాక శిక్షగా కనిపిస్తుంది.

ఈ సంగతి ప్రభుత్వాలకు తెలియనిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ, విభజన తర్వాత 2017లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రొఫెసర్ చక్రపాణి కమిటీ జూనియర్ కాలేజీ హాస్టళ్లలో పరిస్థితిని పరిశీలించాయి. పదహారేళ్ల తేడాతో రెండు కమిటీలు ఒకే గాయాన్ని పరిశీలించాల్సి వచ్చిందంటే మొదటి నివేదికతో ఏం చేశామో అర్థమవుతూనే ఉంది. పిల్లల మరణాలు వార్తయినప్పుడే కమిటీ పడుతుంది. చనిపోకుండా, చదువు మాత్రం వదిలేసి ఇంట్లో ఓ గదిలో కూర్చున్న పిల్లల మీద ఏ కమిటీ పడదు. సంఖ్యలో వాళ్లే ఎక్కువ.

మన రాష్ట్రంలో ఎందరికి ఈ సమస్య ఉందో చెప్పే గట్టి లెక్క కూడా లేదు. బెంగళూరు నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో 10.6 శాతానికి, 13 నుంచి 17 ఏళ్ల వారిలో 7.3 శాతానికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక జబ్బు ఉందని ఆ సర్వే తేల్చింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదంది.

డెబ్బై అయిదు శాతం

జబ్బు పిల్లాణ్ని ఇంట్లో కూర్చోబెడితే, కాలేజీ గేటు మూసేవి మన నిబంధనలు. వీటిలో మొదటిది హాజరు.

జేఎన్‌టీయూ కాకినాడ పరిధిలోని ఇంజినీరింగ్ కాలేజీల సంగతి చూడండి. పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు కావాలి. 65కూ 75కూ మధ్య ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కవచ్చు. 65 కంటే తగ్గితే డిటైన్. ఆ సెమిస్టరు మళ్లీ జూనియర్లతో కలిసి చదవాలి. పచ్చకామెర్లు వచ్చినవాడు సర్టిఫికెట్ తెస్తాడు. డిప్రెషన్ వచ్చినవాడు ఎక్కడినుంచి తెస్తాడు? తనకు జబ్బు చేసిందని అతనికే తెలియదు. తెలిసినా ‘పిచ్చి డాక్టరు’ ముద్ర ఉన్న కాగితాన్ని ఆఫీసు గుమస్తా చేతిలో పెట్టడానికి ఏ తండ్రి ఒప్పుకుంటాడు? అందుకని కడుపునొప్పనో, వైరల్ జ్వరమనో రాయించుకొస్తారు. అసలు జబ్బు కాగితం మీద కూడా కనిపించకుండా పోతుంది.

హాజరుకు డబ్బు కూడా ముడిపడి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంట్ తర్వాత పేర్లు మార్చుకున్నా, ఈ డెల్టాలో కూలీల పిల్లలు ఇంజినీరింగ్ చదవగలిగారంటే దాని వల్లే. ఆ మేలును తక్కువ చేయకూడదు. కానీ దానికీ 75 శాతం హాజరే షరతు. ఒంట్లో బాగోక కాలేజీకి రాలేకపోయిన పిల్లకు ముందు హాజరు పోతుంది, తర్వాత పరీక్ష పోతుంది, ఆపైన ఫీజు ఇంటి నెత్తిన పడుతుంది. నిధులు ఆలస్యమైనప్పుడు ఆ బాకీ గురించి విద్యార్థినే నిలబెట్టి అడగడం, సర్టిఫికెట్లు ఆపడం తెలుగు పత్రికల్లో పదే పదే వచ్చే వార్తలు. క్లాసులో పేరు పిలిచి బాకీ చదివితే ఆ అవమానం పద్దెనిమిదేళ్ల మనసులో ఎన్నాళ్లుంటుందో ఆ చదివేవాళ్లు ఆలోచించాలి. ‘ఫీజు కట్టలేక మానేశాడు’ అనే మాటకూ, ‘దిగులుతో మానేశాడు’ అనే మాటకూ మధ్య గోడ లేదు.

భాష మాట కూడా చెప్పుకోవాలి. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారాయి. ఆ నిర్ణయం మంచిచెడ్డలు వేరే చర్చ. కానీ ఇంటర్ దాకా తెలుగులో చదివి, క్లాసులో మొదటి వరుసలో కూర్చున్న పిల్ల డిగ్రీలో అర్థం కాని పాఠానికి తలూపుతూ చివరి బెంచీకి చేరుతుంది. సందేహం అడగాలంటే వాక్యం కూర్చుకోవాలి, కూర్చుకునేలోపు గంట కొడతారు. తెలివి తక్కువై కాదు, నోరు కట్టేసినట్టయి ఆ పిల్ల తనను తాను తక్కువ చేసుకుంటుంది. మొదటి సెమిస్టరులో రెండు భాషల్లోనూ పాఠం చెప్పే అధ్యాపకులు ఎందరో ఉన్నారు. వాళ్లు చేస్తున్నది మానసిక ఆరోగ్య సేవ కూడా.

విద్యార్థి మనసును అతని ఒక్కడి బలహీనతగా చూడటం పెద్ద అన్యాయం. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో గుంటూరు కుర్రాడు రోహిత్ వేముల మరణం దేశాన్ని కదిలించింది. నెలల తరబడి ఆగిపోయిన ఫెలోషిప్ డబ్బు, హాస్టల్ నుంచి వెలి, కులం. వీటిని పక్కనపెట్టి అతని మనసు గురించి మాత్రమే మాట్లాడటం కుదరదు. 2023 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఒక లెక్క చెప్పింది. అంతకు ముందు అయిదేళ్లలో కేంద్రీయ విశ్వవిద్యాలయాలు, ఐఐటీలు, ఐఐఎంల నుంచి 13,626 మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు మధ్యలో వెళ్లిపోయారు. విద్యార్థులకు అవకాశాలు ఎన్నో ఉంటాయి, వాళ్లే కోర్సులూ సంస్థలూ మారుతుంటారని ప్రభుత్వ వివరణ. కొందరు అలా మారి ఉండవచ్చు. మిగతావాళ్లను వెళ్లేటప్పుడు ‘ఎందుకెళ్తున్నావు నాయనా’ అని ఎవరైనా అడిగి రాసుకున్నారా? ఐఐటీలోనే అడగనప్పుడు మన మండల కేంద్రంలోని డిగ్రీ కాలేజీలో అడుగుతారని ఎలా అనుకుంటాం?

ఆడపిల్లల మానివేత ఇంకా తొందరగా కనుమరుగవుతుంది. మగపిల్లాడు ఇంట్లో కూర్చుంటే నలుగురూ అడుగుతారు. ఆడపిల్ల కూర్చుంటే సంబంధాలు చూస్తారు. ఆమె దిగులుకు పెళ్లే మందని చెప్పే పెద్దవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. చదువు పోతుంది, జబ్బు మాత్రం ఆమెతో పాటే అత్తారింటికి వెళ్తుంది. తొలి కాన్పు తర్వాత అది మరింత ముదిరే ప్రమాదమూ ఉంది.

ఇంట్లో మొదలయ్యే ఆలస్యం

పిల్లాడు తేడాగా ఉన్నాడని తల్లికే ముందు తెలుస్తుంది. డెల్టా తల్లి అన్నం కంచం చూసి చెప్పగలదు. అయినా తెలియడానికీ డాక్టరు దగ్గరికి వెళ్లడానికీ మధ్య నెలలు, ఒక్కోసారి ఏళ్లు పోతాయి. దిష్టి తీస్తారు. తిమ్మరాజుపాలెం కోట సత్తెమ్మ తల్లికి మొక్కుకుంటారు. మొక్కడంలో తప్పేమీ లేదు, ఆ తల్లి మీద నమ్మకం ఇంటికి ధైర్యమిస్తుంది కూడా. మొక్కి ఊరుకుంటేనే చిక్కు. తర్వాత ఊళ్లో ఆర్‌ఎంపీ బలానికి ఇంజెక్షన్ ఇస్తాడు. ఇంకా తగ్గకపోతే ‘నరాల బలహీనత’ అనుకుని నరాల డాక్టరు కోసం వెతుకుతారు. మానసిక వైద్యుడి బోర్డు ఉన్న మెట్లెక్కేది అందరికంటే చివర, అదీ తెలిసినవాళ్లెవరూ చూడని వేళ. చెల్లెలి పెళ్లికి అడ్డొస్తుందన్న భయం నిజమైన భయమే. దాన్ని వెటకారం చేసి పోగొట్టలేం.

టైఫాయిడ్ వస్తే మనం ఏం చేస్తాం? నెలరోజులు కాలేజీ మాన్పించి, మందులు వేసి, పథ్యం పెట్టి, తగ్గాక నోట్సులు తెప్పించి మళ్లీ పంపిస్తాం. ఎవరూ సిగ్గుపడరు. డిప్రెషన్‌కు కూడా దాదాపు అదే వరస. రెండు వారాలకు మించి రోజూ దిగులుగానో ఆసక్తి లేకుండానో ఉండి, నిద్ర, తిండి, చదువు దెబ్బతింటే చూపించుకోవాలి. జబ్బు తేలికగా ఉంటే మాట్లాడి చేసే చికిత్స సరిపోవచ్చు. ముదిరితే మందులు కావాలి. ఆ మందులు తలనొప్పి మాత్రలా గంటలో పనిచేయవు, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. చాలామంది మొదటి వారంలోనే ‘పనిచేయడం లేదు’ అని ఆపేస్తారు, లేదా రెండో నెలలో ‘తగ్గిపోయింది’ అని ఆపేస్తారు. రెండూ తప్పే. నెమ్మదించాక కూడా కొన్ని నెలలు వాడాల్సి ఉంటుంది, ఎన్నాళ్లన్నది డాక్టరు చెప్పాలి. ఇవి నిద్రమాత్రలు కావు. వాడితే పిచ్చివాళ్లవుతారనేది వట్టి మాట.

‘చచ్చిపోవాలనుంది’ అన్న ఆలోచన వస్తోందా అని పిల్లలను సూటిగా అడగడానికి పెద్దలు జంకుతారు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని. అలా కాదని పరిశోధనలు చెబుతున్నాయి. ప్రేమగా, నేరుగా అడిగితే పిల్లల గుండె బరువు దిగుతుంది. ఉందని చెబితే ఒంటరిగా వదలకుండా ఆ రోజే వైద్యసాయం తీసుకోవాలి. ఇది నేరమన్న భయమూ అక్కర్లేదు. 2018లో అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగా చూడాలనీ, శిక్షించకుండా సంరక్షించాలనీ చెబుతోంది.

గంజాయి, ఆన్‌లైన్ బెట్టింగ్, లోన్ యాప్‌ల అప్పుల మాటా ఇక్కడే. ఇవి పిల్లాణ్ని పాడుచేశాయని అంటాం. చాలాసార్లు నిద్ర పట్టని, దిగులుపడ్డ కుర్రాడే వాటిని ఆశ్రయిస్తాడు, తర్వాత అవి దిగులును ఇంకా పెంచుతాయి. పోలీసు భయం ఒక్కటే చూపిస్తే దాక్కుంటాడు. వైద్యం కూడా ఉందని చెబితే బయటికి వస్తాడు.

సుప్రీంకోర్టు చెప్పింది, మన కాలేజీ చేసిందా?

2023 జులైలో విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న పదిహేడేళ్ల బెంగాలీ అమ్మాయి మరణించింది. దర్యాప్తు సరిగా జరగలేదని తండ్రి కోర్టుల చుట్టూ తిరిగి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 జులై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. దాంతో పాటు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రత్యేక చట్టం వచ్చేదాకా వాటినే చట్టంగా పాటించాలి. ఆంధ్రప్రదేశ్ గడ్డ మీద జరిగిన ఒక ఘటన నుంచి దేశానికంతటికీ వచ్చిన తీర్పు ఇది. మన కాలేజీల్లో దాని గురించి చర్చ ఎంత జరగాలో అంత జరగలేదు.

ఆ మార్గదర్శకాల ప్రకారం, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హతగల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. అధ్యాపకులకూ సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరిముందూ అవమానించడం కూడదు. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. ఇవి ఖరీదైన కోరికలేమీ కావు. ఒక్క బోర్డు రాయించడానికి ఎంత ఖర్చవుతుంది? అంతకుముందు అదే ఏడాది మార్చిలో, ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ కార్యదళాన్ని కూడా అత్యున్నత న్యాయస్థానం నియమించింది.

కౌన్సెలర్‌ను వేయమంటే చాలాచోట్ల ఒక లెక్చరర్ పేరు పక్కన ఆ హోదా రాసేసి ఊరుకునే ప్రమాదం ఉంది. హాజరు వేసే మాస్టారికే మనసు విప్పి చెప్పమంటే ఏ పిల్లా చెప్పదు. దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడైనా లేరు, 0.75 అని అంచనా. కాబట్టి ప్రతి కాలేజీకి డాక్టరు రాలేడు. కానీ నిడదవోలు లాంటి ఊళ్లో నాలుగైదు కాలేజీలు కలిసి ఒక శిక్షణ పొందిన సైకాలజిస్టును వారంలో తలా ఒకరోజు రప్పించుకోవడం సాధ్యమే. 2022 ఏప్రిల్‌లో ఈ ఊరు తూర్పు గోదావరి జిల్లాలో కలిశాక జిల్లా కేంద్రం అరగంట రైలు ప్రయాణంలోకి వచ్చింది. రాజమహేంద్రవరంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది, కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కాలేజీకీ ఈ ఆసుపత్రులకూ మధ్య, పేరు బయటపడకుండా పిల్లలను పంపే దారి ఒకటి వేయాలి.

ప్రిన్సిపాళ్లకు నా విన్నపం ఇంకొకటి. హాజరు 75కు దిగాక నోటీసు పంపడం కాదు. వరసగా రెండు వారాలు రాని పిల్ల ఇంటికి ఒక్క ఫోను చేయండి. ‘ఎందుకు రాలేదు’ అనేకంటే ‘ఎలా ఉన్నావమ్మా’ అని మొదలుపెట్టండి. ప్రతి కాలేజీలో హాజరు ఇప్పుడు కంప్యూటర్లోనే ఉంటోంది. ఎవరు జారిపోతున్నారో మొదటి నెలలోనే తెలిసిపోయే సమాచారం అది. దాన్ని డిటైన్ జాబితా తయారీకి మాత్రమే వాడుతున్నాం.

తిరిగొచ్చే దారి

మానేసిన పిల్లలు ఇంట్లో కూర్చున్నాక కొన్ని నెలలకు కొందరికి నెమ్మదిస్తుంది. అప్పుడు వాళ్లను ఆపేది జబ్బు కాదు, సిగ్గు. జూనియర్ల మధ్య ఎలా కూర్చోవాలి, ఇన్నాళ్లు ఎక్కడికి పోయావంటే ఏం చెప్పాలి. దానికి తోడు ఒకసారి పోయిన సీటు ఇక రాదన్న అపోహ.

నాలుగేళ్ల డిగ్రీ కోసం 2022లో యూజీసీ తెచ్చిన చట్రంలో మధ్యలో ఆగి మళ్లీ చేరే వీలుంది. మొదటి ఏడాది తర్వాత తగిన క్రెడిట్లతో ఆపినవారికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా ఇచ్చి, మూడేళ్లలోపు తిరిగి చేరి మొత్తం ఏడేళ్లలో డిగ్రీ పూర్తిచేయవచ్చని అందులో ఉంది. తెచ్చుకున్న క్రెడిట్లు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో భద్రంగా ఉంటాయి. మీ వర్సిటీలో ఇది ఎలా అమలవుతోందో పరీక్షల విభాగంలో అడగండి. దీర్ఘకాలిక మానసిక జబ్బు వల్ల 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ ఉంటే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్, అయిదేళ్ల వయోపరిమితి సడలింపు వర్తిస్తాయి. ఈ సంగతి ఎంతోమంది తల్లిదండ్రులకు తెలియదు.

అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మన గోదావరి పిల్లలకు కూడా ఒక మాట. అక్కడ చదువు భారానికి తోడు లక్షల అప్పు, ఒంటరితనం. కోర్సు తగ్గించుకుంటే వీసా పోతుందని భయపడి జబ్బును దాచుకునేవారున్నారు. ఎఫ్-1 వీసా నిబంధనల్లో డాక్టరో లైసెన్సున్న క్లినికల్ సైకాలజిస్టో ధ్రువీకరిస్తే, ఆ కోర్సు మొత్తం మీద 12 నెలల వరకు కోర్సు లోడు తగ్గించుకోవచ్చు. అవసరమైతే పూర్తిగా ఆపుకోవచ్చు కూడా. వర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి ముందే తీసుకోవాలి. పరాయి దేశపు వీసా నిబంధనే మనోవ్యాధిని సెలవుకు తగిన జబ్బుగా గుర్తిస్తోంది. మన విశ్వవిద్యాలయాలు కూడా మానసిక కారణాలతో సెలవు అని స్పష్టంగా రాసి, ఆ సెలవు వల్ల హాజరు, రీయింబర్స్‌మెంట్ పోకుండా చూడాలి. ఉన్నత విద్యామండలి పూనుకుంటే ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని ఇది.

ఈలోపు ఎదురుచూడనక్కర్లేని సాయం ఒకటుంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు. తెలుగులో మాట్లాడవచ్చు. ఫోను చేయాల్సింది పిల్లలే కానక్కర్లేదు, దిగులుగా ఉన్న కొడుకుతో ఎలా మాట్లాడాలో తెలియని తల్లి కూడా చేయవచ్చు. మీ ఇంట్లోనో, మీ క్లాసులోనో, మీతో పాటు రోజూ రైలెక్కే వాళ్లలోనో ఈ మధ్య కనిపించని పిల్లో పిల్లాడో ఉంటే ఈ ఆదివారమే పలకరించండి. ఈ నంబరు రాసిచ్చి రండి.